తండ్రి వయసు

మేడమీది గది, ఆసుపత్రి వెనక వీధి
జూన్ 3

మామయ్యకు,

నాలుగు రోజుల కిందట నీటి సరఫరా ఆఫీసు నుంచి నా పేర ఒక కాగితం వచ్చింది. దానికి నేను సంతకం పెట్టి జవాబివ్వాలి. నిన్ను అడగకుండా ఇవ్వలేను, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. పంపుహౌస్‌లో ఉన్న ఫోను ఆఫీసువాళ్ళది. మనం మాట్లాడితే అవతల ఇంకెవరో వింటారు. ఇది ఇంకెవరూ వినాల్సిన మాట కాదు.

కాగితంలో ఉన్నది ఇది. పంపు డ్రైవరుగా ఉన్న నువ్వు ఈ ఆగస్టు ముప్పై ఒకటికి అరవై ఏళ్ళు నిండి రిటైరవుతున్నావట. అయితే నీ అసలు వయసు యాభై రెండేననీ, పంతొమ్మిదేళ్ళ కిందట నీ ఉద్యోగం దరఖాస్తు నింపిన చిన్నపిల్ల పొరపాటున ఎనిమిదేళ్ళు ఎక్కువ వేసిందనీ నువ్వు అర్జీ పెట్టుకున్నావట. దరఖాస్తు చివర 'రాసినవారు' అన్నచోట నా సంతకం ఉంది కాబట్టి, ఆ పొరపాటు నాదేనని ఆగస్టు ఇరవై అయిదులోగా నేను రాసివ్వాలట.

మామయ్యా, నేను పొరపాటు చేశానా?

నాలుగు రోజులుగా ఇదే ఆలోచన. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. నేను మూడో తరగతి. నువ్వు దరఖాస్తు కాగితాన్ని నలగకుండా చొక్కా లోపల పెట్టుకుని వచ్చావు. మన ఇంట్లో రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నన్ను రేకు పెట్టె మీద కూర్చోబెట్టి, ఒళ్ళో పలక పెట్టి, పలక మీద కాగితం పరిచారు. పెన్ను పక్కింటి కాంపౌండరుది. అమ్మ బట్టలుతుకుతున్నదల్లా తడి చేతులతోనే వచ్చి నిలబడింది. అత్తయ్య తలుపు దగ్గర ఉంది. నాన్న "ఎవరూ గట్టిగా గాలి పీల్చకండి, పిల్ల చెయ్యి కదుల్తుంది" అన్నాడు. నేను నాలుక బయటపెట్టి ఒక్కో అక్షరం దించాను. చివర సంతకం పెట్టమంటే, నా జీవితంలో మొదటి సంతకం పెట్టాను. నువ్వు కాగితం ఊదుకుంటూ, "ఇక నుంచి నువ్వు మా పంతులమ్మవే" అన్నావు.

ఇంత గుర్తుంది. వయసు గడిలో ఏం వేశానో మాత్రం గుర్తులేదు. నువ్వేం చెప్పావు? నేనేం వేశాను?

నువ్వు రిటైరవుతున్న సంగతి మాకెందుకు చెప్పలేదు? ఈ కాగితం అత్తయ్యకు చూపించలేదు. స్కూలు రికార్డు పుస్తకం అట్టలో దాచాను. డాక్టరు ఆవిణ్ణి మంచం దిగొద్దన్నాడు కదా, ఇప్పటికి రెండు నెలలు. మంచానికి ఎదురుగా కిటికీ ఉంది. కిటికీలోంచి ఆసుపత్రి చాకిరేవు దండేలు తప్ప ఇంకేమీ కనిపించవు. పొద్దున నేను స్కూలుకు వెళ్ళేటప్పుడు దుప్పట్లు లెక్కపెట్టడం మొదలెడుతుంది, మధ్యాహ్నం రాగానే లెక్క చెబుతుంది. ఆ తర్వాత అడిగేది ఒకటే: "మీ మామయ్య ఎప్పుడొస్తానన్నాడు?" పంపు వదలడం లేదని చెబుతున్నాను. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకు, నలభై మూడో ఏట కడుపు పండిన మనిషికి ఎన్నిసార్లని అదే జవాబు చెప్పను?

నీ మేనకోడలు


పంపుహౌస్ క్వార్టరు
జూన్ 15

మా పంతులమ్మకి,

నీ ఉత్తరం అందింది. చదవడానికి ఒక పూటంతా పట్టింది. ఈ జవాబు రాయడానికి రెండు పూటలు. నువ్వు నేర్పిన అక్షరాలే కాబట్టి ఇందులో తప్పులుంటే అది టీచరు తప్పు.

ఆ ఆఫీసు కాగితం సంగతి పక్కన పెట్టు. ఆఫీసు అన్నాక కాగితాలు రాస్తూనే ఉంటారు, అదే వాళ్ళకి కూడు. నేను చూసుకుంటాలే. ఇరవై అయిదో తారీకు ఇంకా చాలా దూరం ఉంది.

రెండో నంబరు పంపు ఈ నెలంతా సతాయిస్తోంది. పొద్దున్నే కట్టె ఒక కొస బేరింగుకి ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని విన్నాను. నీకు చిన్నప్పుడు వినిపించేవాణ్ణి, గుర్తుందా? బాగున్నప్పుడు నిద్రపోయే మనిషి ఊపిరిలాగా ఉంటుంది. ఇప్పుడు పళ్ళు నూరుతున్నట్టుంది. పెద్ద ఇంజనీరుగారు మీటరు చూసి అంతా బాగుందన్నాడు. మీటరుకేం తెలుసు.

కొత్త పంపు వచ్చిన పెట్టె చెక్కలతో ఉయ్యాల చేస్తున్నాను. లోపలివైపు నున్నగా గీకాను, చెంపతో రాసి చూశాను, ఎక్కడా పేడు లేదు. కొలత ఎంత పెట్టాలో డాక్టరుని అడుగు. పుట్టిన పిల్లలు ఎంత పొడుగుంటారో నాకేం తెలుసు, యాభై రెండేళ్ళు వచ్చాయిగానీ ఎప్పుడైనా కొలిచానా?

మీ అత్తయ్యని ఎడమ వైపుకి తిరిగి పడుకోమను. ఇక్కడొకావిడ చెప్పింది. పాలు తాగుతోందా? పాలంటే ముక్కు మూసుకుంటుంది. నువ్వే దగ్గరుండి తాగించు, నాకు ఇక్కడ కుదరడం లేదు. గంట గంటకీ పుస్తకంలో సంతకం పెట్టాలి, నీకు తెలిసిందేగా.

ఇక్కడి పిల్లలు నన్ను తాతా అంటున్నారు. బాగానే ఉంది. ఒకళ్ళు తాతా అంటుంటే ఇంకొకళ్ళు నాన్నా అనడానికి దారిలో ఉన్నారు. మధ్యలో నేనెవరో నాకే తెలీడం లేదు.

నువ్వు వేళకి తిను.

మామయ్య


మేడమీది గది
జూలై 4

మామయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో ఉయ్యాల ఉంది, బేరింగు ఉంది, ఇంజనీరు ఉన్నాడు. నేనడిగిన దానికి జవాబు లేదు. నీటి సరఫరాలో పనిచేసి నీళ్ళు నమలడం కూడా అక్కడే నేర్చుకున్నట్టున్నావు.

ఇంకో సంగతి. ఏ పిల్లలు నిన్ను తాతా అంటున్నారు? ఆ గేటు లోపల మీ ఇద్దరు తప్ప ఇంకో కుటుంబం లేదు. ఆ క్వార్టరులో పదేళ్ళు ఉన్నాను నేను. బయటి పిల్లలు లోపలికొస్తే వాచ్‌మన్ కర్ర పట్టుకుని తరిమేవాడు. ఎడమ వైపుకి తిరిగి పడుకోమని చెప్పినావిడ ఎవరు?

ఈ మాటలు అత్తయ్యకు చదివి వినిపించలేదు. నీ ఉత్తరాలు ఇప్పుడు సగం సగం చదువుతున్నాను. ఆవిడ నా గొంతు వింటూ కళ్ళు మూసుకుంటుంది. నేనెక్కడ వదిలేశానో ఆవిడకు తెలుస్తోందని నా అనుమానం.

మొన్న ఆసుపత్రి నర్సు ఒక ఫారం తెచ్చింది. కాన్పుకు ముందే నింపి ఉంచాలట. తన చేతిరాత సరిగ్గా ఉండదని నన్ను నింపమంది. తల్లి వయసు, ఎన్నో కాన్పు, ఇంటి చిరునామా, అన్నీ రాసుకుంటూ పోయాను. ఆ తర్వాత గడి 'తండ్రి వయసు'.

"యాభై రెండు" అంది అత్తయ్య మంచం మీంచి.

నర్సు నీ ఆఫీసు వాళ్ళిచ్చిన కార్డు తిప్పి చూసింది. "ఇందులో అరవై దగ్గర పడ్డట్టుందే? ఏమ్మా, మీ ఆయన మీకు తెలీకుండా ఎనిమిదేళ్ళు మింగేశాడా?"

"ఆయన మాటలు మింగుతాడు గానీ ఏళ్ళు మింగడు" అంది అత్తయ్య.

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం చేతిలో పెన్ను ఆగిపోయింది. నర్సు నా భుజం మీద తట్టి, "కార్డులో ఉన్నదే వెయ్యి తల్లీ. రేపు బిడ్డ పుట్టిన కాగితంలోనూ అదే పడుతుంది. రెండు చోట్ల రెండు ఉంటే బళ్ళో చేర్చేటప్పుడు మీరే కాళ్ళరిగేలా తిరగాలి" అంది.

నేను ఏ అంకే వెయ్యలేదు. ఆ గడి ఖాళీగా వదిలేసి, "కనుక్కుని వేస్తాను" అన్నాను. "బిడ్డ తండ్రి వయసు కనుక్కోవాలా? బాగుందమ్మా మీ ఇల్లు" అని నర్సు ఫారం నా చేతికే ఇచ్చి వెళ్ళింది. కాన్పయి అత్తయ్యను ఇంటికి పంపే రోజున ఇస్తే చాలట.

ఇప్పుడు రికార్డు పుస్తకం అట్టలో రెండు కాగితాలున్నాయి. ఒకటి నీ వయసు తప్పని నన్ను చెప్పమంటోంది. రెండోది నీ వయసెంతో నన్ను చెప్పమంటోంది. మామయ్యా, ఎనిమిదేళ్ళ పిల్లప్పుడు చెప్పమన్నది రాశాను. ఇప్పుడు నాకు ఇరవై ఏడు. టీచరు ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. తెలుసుకోకుండా సంతకం పెట్టలేను.

నాకు నిజం రాయి. ఉయ్యాల గురించి తర్వాత రాయొచ్చు.

నీ మేనకోడలు


పంపుహౌస్ క్వార్టరు, వెనక గది
జూలై 20

తల్లీ,

పైన చూశావా, వెనక గది అని రాశాను. ముందు గది ఇప్పుడు మనది కాదు.

నా తర్వాత వచ్చే పంపు డ్రైవరు జూన్ ఒకటినే దిగిపోయాడు. భార్య, ఇద్దరు పిల్లలు, ఒక చంటిది. నాకు రిటైరయ్యే వయసొచ్చింది కాబట్టి మూడు నెలలు నా దగ్గర పని నేర్చుకోమని పంపారు. అతనికి ఒక రేడియో ఉంది. అది ఆగితే అతను మాట్లాడతాడు, అతను ఆగితే అది మాట్లాడుతుంది. నేను రేడియో అనే పిలుస్తాను, పలుకుతాడు. చెడ్డవాడు కాదు. అదే నా బాధ, చెడ్డవాడైతే తిట్టుకోడానికైనా ఉండేది.

కుళాయి దగ్గరికి పోవాలంటే వాళ్ళ గదిలోంచే పోవాలి. గుమ్మం దగ్గర నిలబడి రెండుసార్లు దగ్గుతాను. "రండి తాతగారూ" అంటుంది ఆవిడ. పంతొమ్మిదేళ్ళు ఉన్న ఇంట్లో దగ్గి, దారి అడుక్కుని, మొహం కడుక్కోడానికి పోతున్నాను.

ఎందుకు రావడం లేదని అడుగుతున్నావు. ఆఫీసులో పెద్ద గుమస్తా చెప్పాడు, అర్జీ తేలేదాకా గది వదలొద్దని. ఒక్క రాత్రి వదిలినా నేను ఖాళీ చేసినట్టేనట, రిటైరవడానికి ఒప్పుకున్నట్టేనట. అందుకని ఇక్కడ కూర్చున్నాను. పగలు అతనికి నా పని నేర్పుతాను, మిగతా వేళ నా గదికి నేనే కాపలా కాస్తాను.

ఇక నువ్వడిగింది.

నువ్వు పొరపాటు చెయ్యలేదు. ముప్పై మూడు అని వెయ్యబోయావు, నేనే ఆపాను. కుర్రాళ్ళు పంపుహౌస్‌లో ఒంటరిగా ఉండలేక పారిపోతున్నారని, పెళ్ళయ్యి నలభై దాటినవాళ్ళకే ఇస్తామన్నారు ఆ ఉద్యోగం. నలభై ఒకటి వెయ్యి అన్నాను. నువ్వు తలెత్తి, "నిజం కాదు కదా మామయ్యా" అన్నావు. పెద్దవాళ్ళ లెక్క వేరే ఉంటుందిలే అన్నాను. నువ్వు నమ్మేశావు. అంత గట్టిగా నమ్మావు కాబట్టే నీకు గుర్తులేదు. అబద్ధమని తెలిసి రాసుంటే జన్మలో మర్చిపోయేదానివి కాదు.

అర్జీ రాసింది పెద్ద గుమస్తా. "చిన్నపిల్ల పొరపాటు అంటే ఎవరికీ నొప్పి ఉండదయ్యా" అన్నాడట పక్కవాడితో, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. నాకు చదివి వినిపించమంటే, "అంతా ఆఫీసు భాష, నీకెందుకు, సంతకం పెట్టు" అన్నాడు. పెట్టాను. నీ ఉత్తరం వచ్చాకే నాకు తెలిసింది తప్పు నీ నెత్తిన పెట్టారని. మనసు చివుక్కుమంది. అందుకే ఆ రోజు ఉయ్యాల గురించి రాశాను.

పోనీ నిజం చెబుదామంటే, తప్పుడు వయసుతో చేరాడని తీసేస్తే తీసేస్తారు. పంతొమ్మిదేళ్ళ సర్వీసు నీళ్ళపాలు. నీ చేత అబద్ధం రాయించలేను. నేను నిజం చెప్పలేను. ఏమీ మాట్లాడకపోతే ముప్పై ఒకటిన అరవై ఏళ్ళ ముసలాణ్ణయిపోతాను. ఎటు తిరిగినా గోడే తగులుతోంది.

ఇంకోటి ఉంది. నవ్వకు. చంటిదాని తల్లి ఒకరోజు చేతులు ఖాళీ లేక, "తాతగారూ, కాస్త పట్టుకోండి" అని నా చేతిలో పెట్టేసింది. రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. అది కెవ్వుమంది. "అలా వాల్వు తిప్పుతున్నట్టు పట్టుకుంటే ఏడవదా మరి? మెడ కింద చెయ్యి పెట్టండి" అంది. పెట్టాను. రెండో పంపు మోతకి నా భుజం మీద నిద్రపోయింది. అప్పట్నించి రోజూ అడిగి ఎత్తుకుంటున్నాను. నీళ్ళు పొయ్యడం కూడా నేర్చుకున్నాను. వాళ్ళ బిడ్డ దగ్గర దొంగతనంగా తండ్రితనం నేర్చుకుంటున్నట్టుంటుంది.

కానీ ఎత్తుకున్నప్పుడల్లా వాళ్ళ పెద్దది పక్కన నిలబడి, "తాతా, నాకు, నాకు" అంటుంది. అంతకు ముందు నేను యాభై రెండేళ్ళవాణ్ణే. ఈ మధ్య అద్దంలో అరవై కనిపిస్తోంది. ఆ కాగితంతో నా ఒళ్ళు కూడా ఒప్పందం చేసుకున్నట్టుంది. మన బిడ్డ హైస్కూలుకి వచ్చేసరికి నేనెంతవాణ్ణవుతానో లెక్క నువ్వే కట్టు. నేను కట్టను.

రేడియోకి పనంతా నేర్పాను. కట్టె పెట్టి వినడం మాత్రం చెప్పలేదు. అదొక్కటి నా దగ్గర ఉంచుకున్నాను.

మామయ్య


స్కూలు స్టాఫ్ గది
జూలై 28

మామయ్యకు,

ఇంట్లో రాయడానికి కుదరక ఇక్కడ రాస్తున్నాను. ఇంకో పది నిమిషాల్లో గంట కొడతారు.

మా పెద్ద టీచరు దగ్గర సంగతి చెప్పాను, మనవాళ్ళదని చెప్పకుండా. "ఇందులో ఆలోచించేదేముంది? చిన్నప్పటి పొరపాటని ఒక ముక్క రాసిపారెయ్. ఎవరికి నష్టం?" అన్నారు. ఎవరినడిగినా అదే అంటారు. నేను రాయనని మొండికేయడం లేదు. కాగితం ముందు పెట్టుకుంటున్నాను, 'నా పొరపాటు వల్ల' అన్న దగ్గర చెయ్యి ముందుకు పోవడం లేదు. ఇవాళ పొద్దున ఒకటో తరగతి పిల్ల పలక మీద తప్పు రాసి తుడిచేస్తూ, "నేను కాదు టీచర్, సుద్దముక్క" అంది. క్లాసంతా నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఒక్కటి చెప్పు. అప్పటికి నీకు మిల్లులో ఫిట్టరు పని ఉంది. నలుగురి మధ్య పనిచేయడమంటే నీకిష్టం కూడా. ఆ ఒంటరి పంపుహౌస్ కోసం నీకు ఎనిమిదేళ్ళు పెంచుకునేంత అవసరం ఏమొచ్చింది?

నీ మేనకోడలు


పంపుహౌస్ క్వార్టరు, వెనక గది
ఆగస్టు 7

తల్లీ,

గేటు దాటి రోడ్డుకి అవతల ఏముందో నీకు తెలీదా? పదేళ్ళు నడిచావు కదా.

ఇక దాని గురించి అడక్కు.

నేను తేల్చుకున్నాను. ఆసుపత్రి ఫారంలో అరవై వెయ్యి. ఆఫీసుకి ఏమీ రాయకు. ఇరవై అయిదు దాటిపోనీ, ముప్పై ఒకటిన పుస్తకంలో ఆఖరి సంతకం పెట్టి దిగిపోతాను. అందరికీ సుఖం. నీ ఉద్యోగం మీదకి ఏమీ రాదు. మీ అత్తయ్యకి ఆ తర్వాతే చెబుదాం, ఇప్పుడు మనసు పాడు చెయ్యొద్దు.

నిన్న రేడియోకి కట్టె సంగతి చెప్పేశాను. చెవికి ఎలా ఆనించాలో చూపించాను. "ఊపిరిలా వినబడుతోంది తాతగారూ" అన్నాడు. నేర్చుకున్నాడు. ఇక ఇక్కడ నాతో పని లేదు.

ఉయ్యాల పూర్తయింది. ఎవరితోనైనా పంపిస్తాను.

మామయ్య


మేడమీది గది
ఆగస్టు 17

మామయ్యకు,

నీకు కూతురు పుట్టింది.

పద్నాలుగో తేదీ పొద్దున, ఆరు వారాలు ముందుగా. ఈ మాట ఆ ఆఫీసు ఫోనులో ఇంకెవరి నోటనో వినకూడదని ఉత్తరమే రాస్తున్నాను. అత్తయ్య బాగానే ఉంది. పాప చాలా చిన్నది. గాజు పెట్టెలో ఉంచారు. పెట్టెకు పక్కన రెండు గుండ్రటి కంతలు ఉంటాయి, వాటిలోంచి చెయ్యి పెట్టి తాకాలి. రోజుకు ఒకరినే, పది నిమిషాలే రానిస్తారు. అత్తయ్య ఇంకా లేవలేదు కాబట్టి నేను వెళ్తున్నాను. నీ వంతు పది నిమిషాలు నేను వాడుకుంటున్నాను. పొడవు మూరెడు కూడా లేదు. నీ ఉయ్యాలలో ముగ్గురు పడతారు. చెవులు నీవే, దాచిపెట్టడానికి లేదు.

నిన్న నర్సు గొట్టం నా చెవుల్లో పెట్టి పాప గుండె వినిపించింది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. కట్టె సంగతి చెప్పేశానని చదివినప్పుడు నాకు భయమేసింది, నువ్వు ఉద్యోగం ఒక్కటే వదిలేసినట్టు అనిపించలేదు. మామయ్యా, ఈ చప్పుడు వినడం వచ్చినవాడివి నువ్వు. నాకు రాదు. బాగుందో లేదో నాకు తెలియదు, వేగంగా ఉంది, అంతే.

అత్తయ్యకు అన్నీ చెప్పేశాను. నువ్వు వద్దన్నావు. కానీ కాన్పు గదిలోంచి తెచ్చాక కళ్ళు తెరిచి, "ఇప్పుడైనా చదవకుండా వదిలేసిన ముక్కలు చదువు" అంది. రికార్డు పుస్తకం అట్ట విప్పి మొదటి నుంచీ చదివాను. నలభై ఒకటి సంగతి ఆవిడకు ముందే తెలుసు. తలుపు దగ్గరే ఉంది కదా. "ఆయన వయసెంతో తెలీకుండానే పెళ్ళి చేసుకున్నానా?" అంది. గుమ్మం దగ్గర రెండుసార్లు దగ్గుతానన్న చోట మాత్రం ఏడ్చింది. తర్వాత నన్ను కాగితం తీసుకోమంది. "చెప్పింది చెప్పినట్టు రాయి అమ్మాయీ, నీ పుస్తకాల భాష కలపకు." అక్కడే రాసుకున్నాను, ఇదిగో:

"ఏవయ్యా, గది వదిలితే రిటైరవడానికి ఒప్పుకున్నట్టా? మరి ఇక్కడికి రాకపోతే దేనికి ఒప్పుకున్నట్టు? నేను నాలుగు నెలలు మంచం దిగలేదు, దిగితే బిడ్డ పోతుందన్నారు కాబట్టి. నువ్వు గది దిగకపోతే ఏం నిలబడుతుంది? గోడలు. నువ్వున్నా లేకపోయినా అవి నిలబడతాయి. తాతలా కనిపిస్తానని సిగ్గా? నాకు నలభై మూడు. వార్డులో కాన్పుకొచ్చిన పిల్లలంతా నన్ను ఆంటీ అని, మీ కోడలి కాన్పా అని అడిగారు. కాదమ్మా, నాదే అన్నాను. ఎక్కడ దాక్కోను ఆ పొట్టతో? ఎవరి బిడ్డనో ఎత్తుకోడం నేర్చుకున్నావట కదా. ఆ చేతులు పట్టుకురా. ఉయ్యాల ఎవరితోనో పంపావంటే మాత్రం పొయ్యిలో పెడతా."

ఇక నా మాట.

పొరపాటు నాది అని నేను రాయను. నీ మీద కోపంతో కాదు. మన ఇంట్లో ఒకరు చేతితో రాసిన మొదటి కాగితం అది. అమ్మ, నాన్న, అత్తయ్య, నువ్వు, అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. చెప్పింది చెప్పినట్టు, ఒక్క తప్పు లేకుండా రాశాను. దాన్ని ఇప్పుడు తప్పు అని నా చేత్తోనే రాస్తే, ఆ తర్వాత నేను పిల్లలకు ఏం నేర్పినా నా గొంతు నాకే నచ్చదు.

రోడ్డుకు అవతల ఏముందో తెలుసు. నా బడి ఉంది, హైస్కూలూ ఇంటరూ కూడా అందులోనే. పదేళ్ళు గేటు దాటి వెళ్ళాను, ఆ క్వార్టరు మనకెలా వచ్చిందో ఒక్కసారి కూడా అడగలేదు. నువ్వు కలుపుకున్న ఆ ఎనిమిదేళ్ళలోనే నేను చదువుకున్నాను. అందుకే ఏమీ రాయకుండా ఇరవై అయిదు దాటించడం కూడా నా వల్ల కాదు. నేను చదువుకున్నది నోరు మూసుకుని కూర్చోడానికి అయితే, నువ్వు అంత ముసలివాడివి కావడం దండగ.

ఆఫీసుకు ఒక ఉత్తరం రాసి పెట్టాను. అందులో ఉన్నది నిజం. నాకు ఎనిమిదేళ్ళనీ, నువ్వు చెప్పిన అంకె వేశాననీ, నీ అసలు వయసు ఇప్పుడు యాభై రెండనీ, ఎందుకు అలా చెప్పావో అదీ రాశాను. పంతొమ్మిదేళ్ళలో ఒక్క రోజు కూడా పంపు ఆగనివ్వలేదని కూడా రాశాను. దాన్ని చూసి ఉద్యోగంలో ఉంచుతారో, తీసేస్తారో నాకు తెలియదు. బాగవుతుందని నీకు అబద్ధం చెప్పను. తీసేస్తే ఈ మేడమీద పక్క గది ఖాళీగా ఉంది, ఇంటావిడతో మాట్లాడాను. అందులోకి వెళ్ళాలంటే ఎవరి గదిలోంచీ దగ్గుతూ పోనక్కర్లేదు.

ఆ ఉత్తరం ఇంకా వెయ్యలేదు. వయసు నీది. నీకు చెప్పకుండా పోస్టు చేస్తే, నీకు చదివి వినిపించకుండా సంతకం పెట్టించుకున్న గుమస్తాకూ నాకూ తేడా ఉండదు.

ఇరవై నాలుగున అత్తయ్యను ఇంటికి పంపుతారు. పాప ఇంకో పది రోజులు ఉండాలి. ఆ ఇరవై నాలుగునే ఫారం ఇచ్చేయాలి. అన్ని గడులూ నింపాను. బిడ్డ: ఆడ. తల్లి వయసు: నలభై మూడు. ఒక్క గడి ఖాళీగా ఉంది. నువ్వు అరవై అంటే అందులో అరవై వేస్తాను, ఆఫీసు ఉత్తరం చించేస్తాను, నీ కూతురు పెద్దదై చదవడం నేర్చుకున్నాక తన మొదటి కాగితంలో అదే చదువుకుంటుంది. యాభై రెండు అంటే అదే రోజు ఆఫీసు ఉత్తరం పోస్టులో వేస్తాను. కార్డుతో తేడా వస్తే వచ్చింది, దాన్ని బళ్ళో చేర్చే రోజున కాళ్ళరిగేలా నేనే తిరుగుతాను.

పోయినసారి నువ్వు చెప్పావు, నేను వేశాను. ఈసారి అంకె నువ్వు వెయ్యాలి.

ఆగస్టు ఇరవై మూడు సాయంత్రం నాలుగులోగా నీ జవాబు నాకు అందాలి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ఒక కార్డు మీద రెండంకెలు చాలు, నీ చేతిరాతతో. నువ్వే వచ్చి ఫారంలో వేస్తానంటే ఇంకా మంచిది. నాలుగు తర్వాత పది నిమిషాలు పాప దగ్గరికి రానిస్తారు, ఆ రోజు నేను వెళ్ళను. పెన్నులో సిరా నింపి ఉంచాను.

నీ మేనకోడలు,
రాసినవారు